తాడు తెగితే రాయి ఎటు పోతుంది

"అవన్నీ అబద్ధాలే శాంతా. పైన ఏం తిరుగుతలేవు. కట్టిన తాడు లేదు, తోసేటోడు లేడు, నూనె పోసేటోడు లేడు. ఎట్ల తిరుగుతయి చెప్పు?"

మా బాబాయి ఈ మాట అన్నది పోయిన వారం, ఖమ్మంలో మా ఇంటి వరండాలో, ఒక కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని, రెండో కంటికి ఫోను ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని. శుక్లం ఆపరేషనుకని ఊరి నుంచి వచ్చాడు. దవాఖానా మా వీధి చివరే కాబట్టి నాలుగు రోజులు నా దగ్గరే ఉండమన్నాను. కంటికి విశ్రాంతి ఇవ్వమని డాక్టరు చెప్పాడు. ఈయన ఇచ్చే విశ్రాంతి ఏమిటంటే, ఉపగ్రహాలన్నీ కంప్యూటర్లో గీసిన బొమ్మలేనని ఎవరెవరో చేతులూపుతూ చెప్పే వీడియోలు ఒకదాని వెంట ఒకటి చూడటం. నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. ఇలాంటివి వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పేరుకే శాంత. నేను కుదురుగా కూర్చుని అన్నం తినగా చూడలేదని మా ఆయన ఇప్పటికీ అంటుంటాడు.

కానీ ఆ రోజు నా కాలు నిలవకపోవడానికి కారణం ఉపగ్రహాలు కాదు. లోపల బీరువా అడుగు అరలో, పాత తువ్వాలులో చుట్టిన వడిసెల ఒకటుంది. అంతకు ముందు వారమే ఊళ్ళో మా పాత కొట్టం విప్పిస్తుంటే పైకప్పు వాసాల మధ్య దొరికింది. దాన్ని బాబాయికి చూపించాలా, మళ్ళీ తీసుకుపోయి ఏ పొదలోనో పారేయాలా అన్నది తేలక, వంటింట్లోంచి వరండాకీ వరండాలోంచి వంటింట్లోకీ పొద్దుటి నుంచి తిరుగుతున్నాను. టీ పెట్టాను, చక్కెర వేయడం మరిచాను. "చప్పగుంది" అన్నాడు బాబాయి. మళ్ళీ పెట్టాను. ఈసారి రెండుసార్లు వేశాను.

మాది దమ్మపేట అవతల, చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉన్న ఊరు. ఎండాకాలం మొదట్లో ఊరంతా ఇప్పపువ్వు వాసన కొట్టేది. తియ్యగా, కొంచెం పులిసినట్టు, తల దిమ్మెక్కించే వాసన. కోయగూడెం ఆడవాళ్ళు గంపలకెత్తుకుని తెచ్చి, ఉప్పుకీ మిరపకాయలకీ మార్చుకుని పోయేవాళ్ళు. మా నాయనమ్మ ఆ పువ్వును పళ్ళెంలో పోసి ఇసుక ఏరుతూ, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి అడవి కబుర్లన్నీ రాబట్టేది. నాయనకు పొద్దున లేవగానే ముఖం కూడా కడగకుండా కొట్టంలోకి పోయి ఎద్దుల మెడ మీద చెయ్యేసి నిలబడటం అలవాటు. బాబాయి దానికి పూర్తిగా ఎదురు. పక్క మీది నుంచే ఈల వేసుకుంటూ లేచేవాడు. నాయన మాట తూచి మాట్లాడితే, బాబాయి దొర్లించేసేవాడు. ఇద్దరికీ కలిపి ఒకటే చేను, ఒకటే కొట్టం, ఒకటే మంచె.

జొన్న పాలుపోసుకునే రోజుల్లో చిలకలు గుంపులు గుంపులుగా అడవిలోంచి వచ్చి వాలేవి. వాటిని తోలడానికి అన్నదమ్ములు వంతులేసుకుని మంచె ఎక్కేవాళ్ళు. వడిసెల ఎరుగనివాళ్ళ కోసం చెప్తున్నాను. రెండు తాళ్ళు, మధ్యలో రాయి పట్టేంత చిన్న గూడు. ఒక తాడు చివర వేలికి తగిలించుకుని, రెండోది గుప్పిట్లో పట్టుకుని, నెత్తి మీద గిరగిరా తిప్పి, గుప్పిట్లోది వదిలితే రాయి రివ్వున పోతుంది. మా వడిసెలలు నాయనమ్మే జనుపనారతో పేనేది. తొడ మీద నారను అరచేత్తో దొర్లిస్తూ, నోట్లో వక్క నములుతూ, రోజంతా పేనేది. ఆమె తొడ మీద ఒకచోట వెంట్రుక కూడా మొలవకుండా నున్నగా ఉండేది.

ఒక పొద్దున బాబాయి మంచె మీద ఉన్నాడు, అడవి వైపు ముఖం పెట్టి. ఆయనకు ఎడమ పక్కన, గట్టు మీద, నాయన కర్రెద్దును కట్టేసి గడ్డి కోస్తున్నాడు. కర్రెద్దంటే మా నల్లెద్దు, ఇంట్లో మనిషి లెక్క. బాబాయి వడిసెల తిప్పుతుండగా తాడు తెగింది. రాయి పోయి కర్రెద్దు కంటికి తగిలింది. ఆ కన్ను మళ్ళీ తెరుచుకోలేదు. ముందు రోజే, బావమరిది పెళ్ళికి బండి కట్టాలి కర్రెద్దునివ్వమని బాబాయీ, ముసురులో బయటికి పంపనని నాయనా మాటా మాటా అనుకున్నారు. దాంతో నాయన ఆ రాయి వెనక ఉద్దేశం చూశాడు.

పెద్దమనుషులు కొట్టం ముందు కూర్చున్నారు. నేను నాయనమ్మ పక్కన గుమ్మంలో ఉన్నాను. బాబాయి చెప్పింది ఒకటే మాట. "నేను అడవి దిక్కే చూస్తున్న. రాయి నా ముంగటికొచ్చినప్పుడే తాడు తెగింది. అంతే, నాకింకేం తెల్వది." నాయన లేచి, తెగిన వడిసెలను అందరికీ చూపించాడు. "ముంగటున్న రాయి తెగితే ముంగటికే పోవాలె గద. అడవిల పడాలె. ఎడమ దిక్కుకి ఎట్లొచ్చింది? నా ఎద్దును చూసి, దాని దిక్కు తిరిగి కొట్టిండు." పెద్దమనుషులందరూ తలలూపారు. వాళ్ళంతా చిన్నప్పటి నుంచీ వడిసెల తిప్పినవాళ్ళే. పిట్టను కొట్టడం చేతికి తెలుసు గానీ, రాయి ఎటు పోతుందని అడిగితే నోటికి తెలియదు. తిప్పేటప్పుడు రాయి చేతిని బయటికి లాగుతుంది కాబట్టి, తెగితే బయటికే పోతుందని అందరూ అనుకుంటారు. రాయి నా ఎడమ పక్కనున్నప్పుడు తెగిందని బాబాయి ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఆ రోజే బయటపడేవాడు. ఆయనకు ఆ తెలివి లేకపోయింది. "ఎట్ల పోయిందో నాకు తెల్వదన్నా. తెగింది, పోయింది" అంటూనే ఉన్నాడు. ఆ రోజు నుంచి మా ఊళ్ళో ఆయన పేరు పోయి, "ఎద్దు కన్ను తీసినోడు" మిగిలింది.

ఇల్లు రెండయింది. బాబాయి ఎదురింట్లో చేరాడు. గట్టుకు అటొక మంచె, ఇటొక మంచె లేచాయి. నాయనమ్మ పొద్దుటి కూడు మా ఇంట్లో, మాపటి కూడు ఎదురింట్లో తినేది. వేరుపడ్డాక చిత్రమేమిటంటే, ఇద్దరిలో ఏ ఒక్కరూ ఊరు విడిచిపోలేదు. జూలూరుపాడు దగ్గర బాబాయికి అత్తగారివాళ్ళు భూమి చూపించినా పోలేదు. నాయన బజారుకు పోయేటప్పుడు ఎదురింటి ముందు నుంచే పోయేవాడు, తల తిప్పకుండా. వెనక నుంచి దగ్గర దారి ఉంది మరి. నాయన చేనుకు నీళ్ళు పెట్టడానికి ఎప్పుడు పోతాడో కనిపెట్టి, బాబాయి ఆ వెనకే పోయేవాడు. "వాడు తిన్నడా?" అని నాయన, "ఆయన దగ్గు తగ్గిందా?" అని బాబాయి, నాయనమ్మనే అడిగేవాళ్ళు. ఆమె ఒక ఇంటి మాట ఇంకో ఇంటికి మోసి మోసి విసిగిపోయేది.

మా ఇంట్లో ఒక రేడియో ఉండేది. నాయన వార్తలు పెట్టేవాడు. ఒక సాయంత్రం అందులో, ఉపగ్రహాన్ని విజయవంతంగా కక్ష్యలో ప్రవేశపెట్టారని చెప్పారు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న నాయనమ్మ చెయ్యి ఆపేసింది. "కక్షల పెట్టిండ్రా? ఎవరి మీద కక్ష? మళ్ల విజయవంతమేంది, సంబరమా?" అంది. నేను పకపకా నవ్వి, "కక్ష కాదు నాయనమ్మా, కక్ష్య. అంటే తిరిగే దారి" అన్నాను. ఆమె నోటికి ఆ రెండూ ఒకటే. "అవ్, కక్షంటే గట్లనే ఉంటది. దగ్గరికి రారు, దూరం పోరు, సుట్టూ తిరుగుతనే ఉంటరు" అని, మా నాయన వైపు చూడకుండా, చిక్కుడుకాయ వైపు చూస్తూ అంది. నాయన లేచి రేడియో కట్టేశాడు.

పదో తరగతిలో మా సైన్సు సారు ఆ ఉపగ్రహం పాఠమే చెప్పాడు. కుదురు లేని పిల్లనని నన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టేవాడు. తాడుకు సుద్దముక్క కట్టి తిప్పుతూ, "ఇది ఉపగ్రహం అనుకోండి, తాడు భూమి ఆకర్షణ అనుకోండి. ఇది నా ముందున్నప్పుడు తాడు తెగితే ఎటు పోతుంది?" అన్నాడు. "ముందుకే సార్" అని క్లాసంతా అరిచాం. సారు నవ్వి, బోర్డు మీద ఒక గుండ్రం గీసి, దాని అంచును తాకుతూ పక్కకు ఒక గీత గీశాడు. తెగిన క్షణంలో అది ఎటు పోతూ ఉందో అటే తిన్నగా పోతుంది, దాన్ని బయటికి తోసేవాళ్ళెవరూ లేరు, వంకర తిప్పుతున్నది తాడే, ఆ తాడు పోయింది, పోతున్న దారిలోనే పోవడం వస్తువుకు స్వభావం, దాన్నే జడత్వం అంటారు అన్నాడు. ముందున్న రాయి పక్కకు పోతుంది! బాబాయి అబద్ధం చెప్పలేదు!

బడి నుంచి ఇంటికి పరుగెత్తాను. నాయన అరుగు మీద జొన్న కంకులు చూసుకుంటున్నాడు. ఏడుపూ నవ్వూ కలిసిపోయి, ముందు "జడత్వం, జడత్వం" అని తప్ప మాట రాలేదు. "జడలేసుకునుడు గూడ బళ్లె నేర్పుతుండ్రా?" అంది నాయనమ్మ. నేను బురద ముద్ద చేసి, సన్నటి దారానికి కట్టి, నడిమి వాకిట్లో నిలబడి గట్టిగా తిప్పాను. దారం తెగింది. ముద్ద నా ముందున్న తులసి కోట వైపు పోలేదు. పక్కకు పోయి, నాయనమ్మ ఎండబెట్టిన వడియాల నడిమధ్యన పడింది. ఆమె తిట్లు ఊరంతా వినిపించాయి. నాయన మాత్రం ఆ వడియాల వైపే చాలాసేపు చూశాడు. చివరికి, "మట్టి వేరు, రాయి వేరు. బళ్లె చెప్పేది వేరు, చేన్ల జరిగేది వేరు" అని కండువా దులుపుకుని పోయాడు. నాకు ఆయన మీద పుట్టిన కోపం అంతా ఇంతా కాదు. ఆ ఊపులోనే, ఎవరూ పోని ఎదురింట్లోకి పోయి బాబాయికి చెప్పాను. ఆయన గడ్డపార నేలకానించి విని, "నాకు చెప్తే ఏం లాభం బిడ్డా? మీ నాయనకి చెప్పు" అన్నాడు. చెప్పానన్నాను. ఏమన్నాడని అడిగాడు. మట్టి వేరు, రాయి వేరు అన్నాడన్నాను. బాబాయి చిన్నగా నవ్వి, గడ్డపార ఎత్తుకున్నాడు. మళ్ళీ ఆ ఊసు నాతో ఎప్పుడూ ఎత్తలేదు. నేను భౌతికశాస్త్రం చదివింది ఆ కోపంతోనే. ఆ కోపం తీరకముందే నాయన పోయాడు. పాడె మోయడానికి బాబాయి వచ్చాడు, మోశాడు, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆ ఊళ్ళో జొన్న లేదు. ఎటు చూసినా పామాయిల్ తోటలే. మంచె అంటే పిల్లలకు తెలియదు, ఇప్పపువ్వు వాసన ఎప్పుడో గాలి తిరిగినప్పుడు వస్తే వస్తుంది. అప్పట్లో ఒక అనుమానం వస్తే పదిమందిలో కూర్చుని కొట్లాడుకునేవాళ్ళం. తప్పో ఒప్పో మనిషి ముఖం ఎదురుగా ఉండేది. ఇప్పుడు అనుమానం ఫోనులో వస్తుంది, జవాబు చెప్దామంటే అవతల ఎవరూ ఉండరు. నాకు దొరికిన అవతలి మనిషి మా బాబాయి ఒక్కడే. అందుకే ఆ రోజు ఫోను లాక్కుని, ఎదురుగా కూర్చున్నాను.

"నువ్వు మంచె మీంచి రాయి విసిరితే ఎక్కడ పడేది బాబాయ్?"

"వాగు కాడ."

"ఇంకా గట్టిగా విసిరితే పెనుబల్లి కాడ పడుతది. ఇంకా గట్టిగా విసిరితే ఖమ్మం దాటి పడుతది. అంతే గద? పైకి తీసుకుపోయి, గాలి అడ్డం లేనికాడ, సెకనుకు ఎనిమిది కిలోమీటర్లు పొయ్యేటంత జోరుగా విసిరిండ్రనుకో. ఆ సెకనుల అది రెండు మంచెల ఎత్తు కిందికి పడుతది. భూమి గుండ్రం గనక, ఎనిమిది కిలోమీటర్లు పొయ్యేసరికి నేల గూడ రెండు మంచెలు కిందికి వంగుతది. ఇది పడుతనే ఉంటది, నేల అందదు. పడక కాదు బాబాయ్ తిరిగేది, పడుతున్నది గనకనే తిరుగుతది. భూమి దాన్ని లాగకపోతే తెగిన రాయి లెక్క తిన్నగ ఎటో పోతుండె."

"నేల వంగుతదా? నాకు చదునుగనే కనపడె గద, ఎనభై ఏండ్లు."

"కుండ మీద పాకే చీమకు గూడ చదునే."

ఆయన అనుమానాలు ఊరికే వచ్చినవి కావు, ఒప్పుకోవాలి. "మరి మా ఇంటి మీది డిష్షు కదలదు గద. తిరిగేదాన్ని కదలనిది ఎట్ల చూస్తది?" అన్నాడు. కళ్ళంలో కంకులు తొక్కించడానికి ఎడ్లను బంతి కట్టడం గుర్తు చేశాను. నడిమి గుంజ చుట్టూ ఎడ్లన్నీ వరసగా తిరుగుతుంటే, లోపలి ఎద్దు మెల్లగా, బయటి ఎద్దు జోరుగా నడిచినా, ఒకదాని పక్కన ఒకటే ఉంటాయి. టీవీ బొమ్మ పంపేది చాలా దూరాన ఉండి, భూమి ఒక చుట్టు తిరిగేసరికి తానూ ఒక చుట్టు తిరుగుతుంది, అందుకే డిష్షుకు అది ఎప్పుడూ అక్కడే ఉన్నట్టుంటుందన్నాను. ఎడ్ల మాట రాగానే ఆయన పచ్చగుడ్డ మీద చెయ్యేసుకుని, "కర్రెద్దు ఉసురు తగిలింది నాకు, చూసినవా" అని నవ్వబోయి ఆగిపోయాడు.

తర్వాత అసలుది అడిగాడు. "పంపినప్పుడు మంట పెట్టి పంపిండ్రు, సరే. ఇన్నేండ్ల సంది ఎవరు తోస్తుండ్రు? తోసేటోడు లేకుంటే ఎంత బండైనా ఆగుతది."

"బండి ఆగేది నేల రాపిడికి. అక్కడ రాపిడి లేదు. అడ్డం వచ్చేదేదీ లేకుంటే ఒక్కసారి కదిలింది పోతనే ఉంటది, తోసే పని లేదు." నాకు ఓపిక నశించింది. నోరు జారింది. "మీ అన్నదమ్ముల కక్షను ఎవరు తోసిండ్రు బాబాయ్ ఇన్నేండ్లు? ఆ ఒక్క రాయి తర్వాత ఎవరన్న ఒక్క మాటన్న అన్నరా?"

నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచాను, లోపలికి పోయాను, బీరువా తెరిచాను, మూశాను, మళ్ళీ తెరిచాను. చూపిస్తే ఎద్దు కన్ను తీసినోడన్న మచ్చ పోతుంది. కానీ తన అన్నకు నిజం తెలిసీ నోరు విప్పలేదని కూడా తెలుస్తుంది. ఎనభై ఏళ్ళ మనిషికి ఏది ఎక్కువ బరువో నాకు ఏ పాఠమూ చెప్పలేదు. తువ్వాలు తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టేశాను.

కళ్ళతో పని లేకుండా, వేళ్ళతోనే పట్టేశాడు. "ఇది నాదే. ఆనాడు పంచాయితీల అన్న చూపించింది." గూటిని తడిమి, తాడు వెంట వేళ్ళు జరిపాడు. ఒక ముడి. కొంచెం దూరంలో ఇంకో ముడి. ఆ పైన ఇంకొకటి. ముడి ముడికీ పక్కన, తెగేలా కత్తితో గీకి పలచన చేసిన నార. "తెగింది ఒక్కసారే గద. ఇన్ని ముళ్లేంది? ఇవి నేనేసినవి గావు. గడ్డి మోపుకి అన్న ఏసే ముడి ఇది."

"నేను బురద ముద్ద తిప్పి చూపించిన తర్వాత చేసినట్టున్నడు" అన్నాను. "తాడు గీకి, తిప్పి, తెంపి చూసిండు. మళ్ల కట్టిండు, మళ్ల తెంపిండు."

బాబాయి ముళ్ళన్నీ మొదటి నుంచి మళ్ళీ తడిమాడు. "ఆయన అనుకున్నట్టు ముంగటికి పోయి ఉంటే, రెండోసారి కట్టేటోడు గాదు" అన్నాడు మెల్లగా.

"అవ్."

"పక్కకే పోయింది. పోయిన కొద్దీ కట్టుకుంట పోయిండు." చివరి ముడి మీద వేలుంచి, "మరి చెప్పలేదేంది?" అని అడిగాడు. నన్ను కాదు, ఆ తాడును అడిగినట్టే అడిగాడు.

పిల్లలు ఏది అడిగినా ఏదో ఒక జవాబు చెప్పే అలవాటు నాది. ఈసారి ఎదురింటి ముందు నుంచే బజారుకు పోయే నాయన, వెనక ఉన్న దగ్గర దారి, "వాడు తిన్నడా?" అనే మాట, ఇవే గుర్తొచ్చాయి. అవే చెప్పాను. నాయనమ్మ చచ్చిపోయేదాకా రోజూ ఆ మాట అడిగేవాడని చెప్పాను. ఆమె పోయాక నన్ను అడిగేవాడని కూడా చెప్పాను.

బాబాయి వడిసెలను జాగ్రత్తగా చుట్టాడు, చేలోంచి ఇంటికి పోయేటప్పుడు చుట్టినట్టు.

"అంటే, పడుతనే ఉన్నడన్నట్టు" అన్నాడు. "ఇన్నేండ్లు, నా దిక్కే."

ఆపరేషన్ చేసిన కన్ను తడవకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ సంగతి ఆయనకు గుర్తు చేయడానికి నాకు నోరు రాలేదు.